కాడి, నావ, జట్టు : క్రీడాశిక్షకుల నాయకత్వ చింతనము

ఆటలను గూర్చిన గ్రంథములు సాహిత్యవిమర్శకుల దృష్టికి వచ్చుట అరుదు. గెలిచినవాని జీవితచరిత్రమనియో, వ్యాయామశాస్త్రమనియో పేరుపెట్టి వానిని ఒక మూలకు నెట్టుట పరిపాటియైనది. కాని గడచిన కొన్ని దశాబ్దులలో ఈ రంగమున ఒక క్రొత్త వాఙ్మయశాఖ పెరిగినది. జట్లకు శిక్షణ మిచ్చినవారు తమ అనుభవములను ఆధారముగా గొని, సమష్టికృషిని గూర్చియు, నాయకత్వమును గూర్చియు గ్రంథములు వ్రాయుచున్నారు. వానిని ఆటగాండ్రే గాక కార్యాలయాధికారులును, కర్మాగారముల యజమానులును, విద్యాలయముల పెద్దలును చదువుచున్నారు. నలుగురిని నడిపింపవలసిన వారికి అవి నీతిశాస్త్రములైనవి. నీతిశాస్త్రమని చెలామణియగు దానిని పరీక్షింపక విడుచుట విమర్శకు తగదు.

ఈ వాఙ్మయమునకు పుట్టుకతోనే అంటిన దోషమొకటి కలదు. గెలిచినవారే దీనిని వ్రాయుదురు. ఓడిన జట్టును నడిపినవాడు నాయకత్వమును గూర్చి వ్రాసినచో చదువువారు అరుదు. గెలుపు కలిగిన పిదప, ఆ గెలుపునకు ముందు జరిగినదెల్లయు కారణముగా తోచును. శిక్షకుడు మౌనముగా నుండెనేని మౌనమే కారణము; కేకలు వేసెనేని కేకలే కారణము. కావున శిక్షకుని మాటలను అతని గెలుపులతో మాత్రమే తూచరాదు. మరి దేనితో తూచవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఇద్దరు శిక్షకులను ప్రక్కప్రక్కన నిలుపుట మేలు. ఒకడు అమెరికా దేశమున బాస్కెట్‌బాలు జట్లను నడిపి, 1995లో ‘సేక్రెడ్ హూప్స్’ అను గ్రంథమును హ్యూ డెలెహాంటీ అను రచయితతో కలిసి వెలువరించిన ఫిల్ జాక్సన్. రెండవవాడు హైదరాబాదు నగరమున పాఠశాలోపాధ్యాయుడై, భారతదేశపు ఫుట్‌బాలు జట్టును నడిపి, తన జట్లనే తన రచనలుగా విడిచిపోయిన సయ్యద్ అబ్దుల్ రహీం.

వీరి చింతనమును విచారించుటకు ముందు కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరములను పరిశీలింపవలెను. అందులకు యానాము తగిన తావు. గౌతమీతీరమున నున్న ఈ చిన్న పట్టణము, నడుమనడుమ ఆంగ్లేయుల వశమైన కాలములు తప్ప, 18వ శతాబ్ది మొదలు 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. చుట్టును ఆంగ్లేయుల పాలన, ఇంట తెనుగు, కచ్చేరిలో ఫ్రెంచి. ఇట్లు మూడు భాషలు ఒకచోట తారసిల్లిన తావున, ఒకే వస్తువునకు మూడు భాషలు పెట్టిన పేర్లను పోల్చి చూచుట సహజము.

ఆంగ్లమున ‘టీము’ అనగా తొలుత ఒక కాడికి కట్టిన పశువుల జత. బండినో నాగలినో కలిసి లాగు ఎద్దులకును గుఱ్ఱములకును ఆ పేరుండెను. పిమ్మట అది మనుష్యులకు సంక్రమించెను. ఫ్రెంచి భాషలో ఆటజట్టునకు ‘ఎకీప్’ అని పేరు. ఇది ఓడను ప్రయాణమునకు సిద్ధపరచుట అను అర్థముగల క్రియనుండి వచ్చినది. ఆ క్రియకు మూలము ఉత్తరదేశపు నావికుల భాషలోనిదని శబ్దవేత్తల నిర్ణయము. అనగా ఎకీప్ అను మాటలో ఓడవారు దాగియున్నారు. తెనుగున జట్టు అను మాట ఇట్టిది కాదు. జట్టు అనగా గుంపు మాత్రమే కాదు. పొత్తు, కూడిక, ఒడంబడిక కూడ. పిల్లలు అలిగి మాటలు మానుకొన్నపుడు జట్టు విడిచితిమందురు. మరల కలిసికొన్నపుడు జట్టు కట్టితిమందురు. కట్టుటయు విడుచుటయు కట్టినవారి చేతిలోనే యున్నవి.

ఈ మూడు పేర్లలో మూడు దృష్టులున్నవి. కాడికి కట్టిన పశువులను తోలువాడు వెలుపల నుండును; అతని చేతిలో ములుగఱ్ఱ యుండును; దారి యెక్కడికో పశువులకు తెలియనక్కరలేదు. నావలో నట్లు కాదు. చుక్కాని పట్టినవాడును తెడ్డు వేయువారును ఒకే చెక్కలపై నుందురు. మునిగిన అందరును మునుగుదురు, చేరిన అందరును చేరుదురు. జట్టులోనో, నడిపించువాని అధికారము నడచువారి సమ్మతినుండి వచ్చును. సమ్మతి తొలగిన నాడు అధికారమును తొలగును.

నడిపించువానికి పెట్టిన పేర్లును ఇట్లే విచారింపదగినవి. ‘కోచి’ అను మాటకు మూలము హంగరీ దేశమున కోచ్ అను గ్రామము. అచ్చట తయారైన బండి ఐరోపా యంతటను ప్రసిద్ధమైనది. పరీక్షను దాటించు ఉపాధ్యాయుని 19వ శతాబ్దిలో ఆంగ్లవిద్యార్థులు వేడుకగా ఆ బండి పేరుతో పిలిచిరి. తరువాత ఆటలు నేర్పువానికి ఆ పేరు స్థిరపడెను. ఫ్రెంచివారి ‘ఆంత్రెనర్’ తనతోపాటు లాగుకొనిపోవువాడు. తెనుగున శిక్షకుడందుము. శిక్ష అనగా నేర్పు. శిక్ష అనగా దండనము. ఒకే మాట రెండర్థములను మోయుట యాదృచ్ఛికము కాదు. నేర్పువాని చేతిలో రెండును ఉండుననియే లోకము తలచినది. ఇక పత్రికలు జట్టు నాయకునికి వాడుచున్న మాట సారథి. మోయు బండి, లాగువాడు, దండించువాడు, రథము తోలువాడు: ఈ నాలుగింటిలో ఏది సరియైన ఉపమానమో తేల్చుటయే శిక్షకుల గ్రంథములను విమర్శించుటలో ప్రధానాంశము.

ఆటల నియమములను చూచినయెడల ఈ ప్రశ్న మరింత స్పష్టమగును. బాస్కెట్‌బాలు 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున జేమ్స్ నేస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించిన ఆట. చలికాలమున యువకులు గదిలో ఆడుకొనుటకు పీచు పండ్ల బుట్టలు రెండు తగిలించి, 13 నియమములు వ్రాసి అతడు దీనిని మొదలుపెట్టెను. ఆ నియమములలో ముఖ్యమైనది, బంతిని పట్టుకొన్నవాడు దానితో పరుగెత్తరాదనుట. పట్టుకొన్నచోటనే నిలిచి మరియొకనికి అందింపవలెను. పరుగెత్తువానిని పడద్రోయు మోటుతనమును తప్పించుటకే నేస్మిత్ ఈ కట్టుబాటు పెట్టెను. కాని దాని ఫలము మరొకటి. బంతి చేతికి వచ్చిన మరుక్షణమున ఆటగాడు తోటివానిని వెదకవలెను. సహకారము ఇచట ఉపదేశము కాదు. ఆటకు ప్రాణమైన చట్టము. బంతిని నేలకు కొట్టుచు నడచుట తరువాతి కాలమున అనుమతింపబడెను. అనాటినుండి ఒంటరి నైపుణ్యమునకు ద్వారము తెరువబడెను. ఒంటరివానికిని జట్టునకును నడుమ కలహమును ఆనాడే ఆరంభమయ్యెను.

మన చెడుగుడును దీనికి ప్రక్కన నుంచి చూడవచ్చును. కూతకు పోవువాడు ఒంటరివాడు. గుక్క తిప్పుకొనక ఏడుగురి నడుమకు పోయి తాకి రావలెను. వీరుని ఆటయన ఇదియే యని తోచును. కాని అతడు తాకి తిరిగి వచ్చినచో, అంతకుముందు వెలుపలికి పోయిన తన జట్టువాడు మరల లోనికి వచ్చును. ఒకని ఊపిరి మరియొకని ప్రాణమగుచున్నది. ఇక పట్టువారి సంగతి: చేయి చేయి పట్టుకొని గొలుసుగా కదలుదురు, ఎవడు ముందు పడవలెనో కూతగాని అడుగును బట్టి ఆ క్షణముననే నిర్ణయింపబడును. గట్టుమీది వాని ఆజ్ఞకు వేచియుండుటకు వ్యవధి లేదు. 1990లో బీజింగులో జరిగిన ఆసియా క్రీడలలో కబడ్డీ చేర్చబడినది మొదలు ఈ ఆటకు శిక్షకులును, శాస్త్రమును ఏర్పడినవి. కాని నిర్ణయము పట్టువాని చేతులలోనే యున్నది. ఆటలో నాయకత్వమునకు ఇది మొదటి హద్దు: శిక్షకుడు ఎంతవాడైనను ఆట జరుగు క్షణమున అతడు వెలుపలివాడు.

ఈ హద్దును గుర్తించుటయే ఫిల్ జాక్సన్ గ్రంథమునకు గల గొప్ప గుణము. అతడు 1945లో జన్మించెను. తల్లిదండ్రులిద్దరును క్రైస్తవ మతప్రచారకులు. న్యూయార్కు జట్టులో ఆటగాడై, రెడ్ హోల్జ్‌మన్ అను శిక్షకునికడ పాఠములు నేర్చెను. 1989లో చికాగో జట్టునకు ప్రధానశిక్షకుడయ్యెను. అప్పటికే ఆ జట్టులో మైకేల్ జోర్డన్ ఉండెను. పాయింట్లు సాధించుటలో అతనికి సాటి లేకుండెను; కాని అతని జట్టు మాత్రము అగ్రస్థానమును చేరకుండెను. జాక్సన్ తన సహాయకుడైన టెక్స్ వింటర్ రూపొందించిన త్రికోణవ్యూహమును ప్రవేశపెట్టెను. ఈ వ్యూహమున ముందుగా నిర్ణయించిన ఎత్తులు తక్కువ. ప్రత్యర్థి కదలికను బట్టి ఐదుగురును స్థానములు మార్చుకొందురు. బంతి అందరి చేతులకును పోవును. 1991లో చికాగో జట్టు విజేత యయ్యెను. 1998 వరకు ఆరుమారులును, పిమ్మట లాస్ ఏంజిలెసు జట్టుతో అయిదుమారులును, మొత్తము 11 మారులు జాక్సన్ జట్లు అగ్రపీఠమును పొందినవి.

గ్రంథమున అతడు జెన్ బౌద్ధము వలనను, లకోటా తెగవారి ఆచారముల వలనను తాను నేర్చిన దానిని వివరించెను. జట్టు కూడుకొను గదిని ఆ తెగవారి వస్తువులతో అలంకరించెను. ఆటగాండ్రచేత మౌనముగా ధ్యానము చేయించెను. జట్టు తడబడుచున్నపుడు ఇతర శిక్షకులు వెంటనే ఆటను నిలుపుచేసి ఆజ్ఞలిత్తురు. జాక్సన్ పలుమారులు కదలక కూర్చుండెడివాడు. ఆటగాండ్రే దారి వెదకుకొనవలెనని అతని ఉద్దేశము. నాయకుడు కనబడకుండుటయే నాయకత్వమునకు పరాకాష్ఠ యని అతని సిద్ధాంత సారాంశము.

ఈ సిద్ధాంతమునకు గొప్ప పరీక్ష 1994 మే నెలలో వచ్చెను. జోర్డన్ అప్పటికి ఆట విరమించియుండెను. జట్టునకు ప్రధానాధారము స్కాటీ పిప్పెన్. న్యూయార్కుతో జరిగిన ఒక ముఖ్యమైన పోటీలో రెండుజట్లును సమానముగా నుండగా, ఇక మిగిలిన కాలము రెండు క్షణములకన్న తక్కువ. చివరి బంతిని వేయు భారమును జాక్సన్ టోనీ కూకోచ్‌కు అప్పగించెను. పిప్పెన్ అలిగి ఆటలోనికి పోక బల్లపై కూర్చుండెను. కూకోచ్ వేసిన బంతి బుట్టలో పడి జట్టు గెలిచెను; కాని జట్టు విరిగినంత పనియయ్యెను. అప్పుడు జాక్సన్ దండింపలేదు, ఉపన్యసింపలేదు. ఆ విషయమును మీలో మీరే తేల్చుకొనుడని ఆటగాండ్రకు విడిచెను. జట్టులో పెద్దవాడైన బిల్ కార్ట్‌రైట్ కన్నీటితో తన బాధను చెప్పెను. పిప్పెన్ తప్పు ఒప్పుకొనెను. జట్టు మరల ఒక్కటియయ్యెను. శిక్ష అను మాటకు గల రెండర్థములలో దండనమును విడిచి నేర్పును మాత్రమే గ్రహించిన సందర్భమిది. అంతకన్న ముఖ్యముగా, విరిగినది కాడి కాదనియు జట్టనియు జాక్సన్ గుర్తించెను. కాడి విరిగినచో తోలువాడు కట్టవచ్చును. జట్టు విడిచినచో కట్టవలసినవారు విడిచినవారే.

ఐనను ఈ సంఘటన నిస్స్వార్థమను ఒక్క మాటతో ముగియునది కాదు. పిప్పెన్ 1991లో దీర్ఘకాలపు ఒప్పందమునకు లోబడి, తన యోగ్యతకు తక్కువ వేతనమునకు ఆడుచుండెను. జట్టు యాజమాన్యము కూకోచ్‌పై చూపిన మక్కువ అతనికి ముందునుండియు మనస్తాపము కలిగించెను. అలుక ఒక్క క్షణమున పుట్టినది కాదు. దాని వేరు జీతపు లెక్కలలో నున్నది. అహంకారమును జయింపుమని బోధించుట సులభము. అన్యాయమైన పంపకమును సవరించుట శిక్షకుని చేతిలో లేదు. ఆధ్యాత్మిక పదజాలము ఈ భేదమును కప్పివేయు ప్రమాదమున్నది. జాక్సన్ గ్రంథమును కార్యాలయాధికారులు ఇష్టపడుటకు కారణములలో ఇదియు ఒకటి కావచ్చును. జీతము పెంపకయే జట్టుభావమును పెంపవచ్చునను ఆశను అది కలిగించును.

మరియొక పరీక్షయు కలదు. 2014లో జాక్సన్ న్యూయార్కు జట్టునకు అధ్యక్షుడయ్యెను. అతని సిద్ధాంతము అదియే, వ్యూహము అదియే, కీర్తి మరింత పెద్దది. కాని ఇపుడతడు ఆటగాండ్ర ప్రక్క బల్లపై కాక కార్యాలయమున కూర్చుండెను. 2017లో అతడు వైదొలగు లోపల ముగిసిన మూడు పూర్తి ఋతువులలో ఆ జట్టు ఒక్కమారైనను తుదిపోటీల దశకు చేరలేదు. దీనినిబట్టి అతని గ్రంథము అసత్యమని చెప్పరాదు. అతని సిద్ధాంతమునకు ఆవశ్యకమైన షరతు ఒకటి బయటపడినదని చెప్పవలెను. కనబడని నాయకుడు నావలోనే యుండవలెను. తీరమున కూర్చుండి కనబడకుండుట నాయకత్వము కాదు, దూరము.

సారథి అను మాట ఇచట జ్ఞప్తికి రావలెను. తిక్కన తెనిగించిన విరాటపర్వమున ఉత్తరకుమారునికి బృహన్నల సారథి. అంతఃపురమున బీరములు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తెను. అప్పుడు బృహన్నల అతనిని పట్టి తెచ్చి పగ్గములు అతని చేతికిచ్చి, జమ్మిచెట్టుపైనున్న గాండీవమును తాను గ్రహించెను. గోవులు మరలినవి. కాని ఆ యుద్ధము ఉత్తరుడు గెలిచినది కాదు. పురమున తండ్రి కొడుకును పొగడుచుండగా, సంగతి ఎరిగిన కంకుభట్టు సారథినే పొగడి పాచికదెబ్బ తినెను. శిష్యుడు తడబడినపుడు విల్లు తానే అందుకొను శిక్షకుని కథ ఇది. కార్యము నెరవేరును, శిష్యుడు మాత్రము మునుపటి శిష్యుడే.

రెండవ సారథి శ్రీకృష్ణుడు. ఆయుధము పట్టనని మాట యిచ్చి పగ్గములు పట్టినవాడు. భీష్ముని ధాటికి అర్జునుడు నిలువలేకున్నపుడు రథమునుండి దుమికి తానే ఎదురేగెను. అప్పుడు కాళ్ళు పట్టుకొని ఆపినవాడు అర్జునుడే. పోతన భాగవతమున భీష్ముడు అంత్యకాలమున స్మరించుకొన్నదియు ఆ దుముకిన రూపమునే. భక్తునికి అది మనోహరము. ఆటను విచారించువానికి అందలి నీతి వేరు. గట్టుమీదివాడు మైదానములోనికి దుముకవలెనని తోచు క్షణము ప్రతి శిక్షకునికిని వచ్చును. అతనిని ఆపి, ఈ పని నాది యని చెప్పగల ఆటగాడు తయారైనపుడే శిక్షణము ఫలించినట్లు. సారథ్యమునకు గీటురాయి సారథి దుముకుట కాదు, రథికుడు ఆపగలుగుట.

ఈ గీటురాయిపై సయ్యద్ అబ్దుల్ రహీం చింతనమును పరీక్షింపవలెను. అతడు 1909లో హైదరాబాదులో జన్మించెను, వృత్తి ఉపాధ్యాయత్వము. 1950 మొదలు హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారతజట్టునకును శిక్షకుడయ్యెను. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో ఓడించి భారతజట్టు స్వర్ణపతకము పొందెను. కాని మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడెను. చలిదేశపు తడినేలపై మనవారిలో పలువురు బూట్లు లేక ఆడిరి. రహీం ఈ ఓటమిని దాచలేదు; దానినే పాఠ్యపుస్తకముగా చేసికొనెను. ఆపైని దేశమున బూట్లు తొడిగి ఆడుట తప్పనిసరియైనది. నాలుగేండ్లకు మెల్బోర్ను ఒలింపిక్సులో అదే జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానము పొందెను. ఆనాటి జట్టులో పలువురు హైదరాబాదు వారు.

గ్రంథము లేని చోట ఆచరణమే గ్రంథము. రహీం ఆచరణములో అత్యంత విశేషమైనది అతడు ఏర్పరచిన చిన్న పోటీలు. కొన్నింటిలో బంతిని కాలితో ఆడించుకొనుచు ముందుకు పోవుట నిషిద్ధము. అందుకొన్నవాడు వెంటనే మరియొకనికి అందింపవలెను. మరికొన్నింటిలో వాడుకలేని కాలితోనే కొట్టవలెను. ఇది నేస్మిత్ నియమమునకు సోదరము. తోటివానికి అందింపుమని రహీం నీతి చెప్పలేదు. అందింపక గత్యంతరము లేని ఆటను కల్పించెను. సమష్టికృషిని ధ్యానముచే సాధింపజూచినవాడు జాక్సన్. చట్టముచే సాధించినవాడు రహీం. ఉపాధ్యాయుడు కావున, పిల్లవాని గుణము ఉపదేశముకన్న ఆటవలన త్వరగా మారునని అతడెరుగును. ఈ యొక్క విషయమున, గ్రంథము వ్రాసినవానికన్న వ్రాయనివాడే లోతుగా ఆలోచించెనని చెప్పవలెను.

1962 ఆగస్టు 16న యానాము చట్టరీత్యా భారతదేశమున చేరినది. అంతకుముందు 1954 నవంబరు 1 నుండి పాలన మాత్రమే మారియుండెను. ఆ తేదీకి 19 దినములకు, సెప్టెంబరు 4న, జకార్తాలో రహీం జట్టు దక్షిణకొరియాతో తుదిపోటీ ఆడెను. మొదటి దశలో ఆ కొరియా జట్టే మనవారిని 2-0తో ఓడించియుండెను. ఇజ్రాయెలు, తైవాను దేశముల వారిని రానీయనందుకు భారతీయుడైన ఒక క్రీడాధికారి అభ్యంతరము చెప్పగా, ప్రేక్షకులు భారతజట్టుపై కినుక వహించియుండిరి. రక్షణపంక్తిలో ఆడు జర్నైల్‌సింగు తలకు గాయమై కుట్లుపడియుండెను. రహీం అతనిని ముందుపంక్తికి మార్చెను. పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్‌సింగు ఒక గోలును చేసిరి. భారతము 2-1తో గెలిచెను. గాయపడినవానిని బల్లపై కూర్చుండబెట్టుట దయ. గాయముతోనే ఆడుమనుట కాఠిన్యము. అతని శక్తి మిగిలిన తావును గుర్తించి అచట నిలుపుట నాయకత్వము. అప్పటికే కాన్సరు వ్యాధి రహీమును క్రుంగదీయుచుండెను. 1963 జూన్ 11న అతడు మరణించెను.

ఇచట విమర్శకుడు తప్పించుకొనరాని ప్రశ్న యొకటి కలదు. నాయకుడు అనావశ్యకుడగుటయే నాయకత్వమునకు ఫలమైనచో, రహీం ఆ ఫలమును సాధించెనా? 1964లో ఆసియా కప్పులో రెండవస్థానమును, 1970 ఆసియా క్రీడలలో కాంస్యమును భారతజట్టు పొందెను. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో పతకమే దక్కలేదు. హైదరాబాదు ఫుట్‌బాలు వైభవమును క్షీణించెను. 2024లో అతని కథ హిందీ చలనచిత్రముగా వచ్చువరకు అతని పేరెరుగని యువకులు పెక్కుమంది. తొంబది నిమిషముల ఆటలో తాను అక్కరలేని జట్టును రహీం నిర్మించెను. తాను లేని దేశమున ఆటను నిలుపు వ్యవస్థను మాత్రము ఒక్కడు నిర్మింపజాలడు. అది పాఠశాలల పని, పురపాలకసంఘముల పని, మైదానములను కాపాడుకొను ప్రజల పని. ఈ వైఫల్యము రహీందని చెప్పుట, నావ ఒడ్డు చేర్చినవానిని రేవు కట్టలేదని నిందించుట వంటిది.

శిక్షకుల గ్రంథములలో సాధారణముగా లోపించునది ఈ రెండవ అంశమే. వానిలో జట్టు అప్పటికే సిద్ధముగా నుండును. ఆటగాండ్రు ఎక్కడినుండియో వచ్చియుందురు. ఏ ఊరి మైదానమున, ఏ ఉపాధ్యాయుని చేతిలో వారు మొదట బంతి పట్టిరో ఆ గ్రంథములకు అక్కరలేదు. కావుననే వానిలోని నాయకత్వము జీవితమునకు అన్వయించునపుడు జాగ్రత్త వహింపవలెను. ఆటలో ఇరుపక్షములకును ఒకే చట్టము. కాలమునకు హద్దు కలదు. తప్పును చూచు న్యాయనిర్ణేత యెదుటనే యుండును. ఆడువాడు ఇష్టపడి వచ్చినవాడు. కార్యాలయమున, రాజకీయమున ఈ నాలుగును ఒకచోట దొరకుట అరుదు. అవి లేనిచోట మనమందరము ఒక జట్టని పలుకు పెద్దమనిషిని, ఇది కాడియా, నావయా, జట్టా యని అడుగుట వినువారి హక్కు. ములుగఱ్ఱను వెనుక దాచుకొని జట్టను పేరు వాడువారు ప్రతి కాలమునను కలరు.

గౌతమి కడలిలో కలియు ఈ తీరమున మత్స్యకారులు అలివి వల లాగుట చూచినవారికి ఈ భేదము వివరింపనక్కరలేదు. వలకు రెండు త్రాళ్ళు. రెండు పక్కలను రెండు గుంపులు. ఒక గుంపు బలమెక్కువై ముందుగా లాగినచో వల వంకరవోయి చేప జారిపోవును. బలమును చూపుటకన్న ఎదుటి గుంపు అడుగును కనిపెట్టి లాగుటయే అచట విద్య. వల ఒడ్డున పడిన తరువాత పంపకమును ఆ యిసుకమీదనే, అందరి యెదుటను జరుగును. లాగుటలో పొత్తు, పంపకములో వెల్లడి: ఈ రెండును కూడినపుడే అది జట్టు. మొదటిదానిని జాక్సన్ చక్కగా వ్రాసెను, రహీం చక్కగా నేర్పెను. రెండవదానిని గూర్చి వ్రాయు శిక్షకుని గ్రంథమునకై చదువరులు ఎదురుచూడవలసియున్నది. అందాక, శిక్షకుల మాటలను వారి గెలుపులతో గాక, వారు మైదానము విడిచిన పిమ్మట ఆటగాండ్ర చేతులలో మిగిలిన నేర్పుతో తూచుటయే న్యాయమైన విమర్శ.